‘మల్లేశం’: సమీక్షకులు ల్యాగ్ అన్నారు, మా అమ్మ తొందరెక్కువ అంది

సినిమా మొదలై ఎంతోసేపు కాలేదు. మా అమ్మ నా మోచెయ్యి గిల్లి, చెవి దగ్గరికి వంగి అడిగింది: "గంత జల్ది జల్ది పోస్తే పోగు తెగదానే?"

తెర మీద ఝాన్సీ ఆసు పోస్తోంది, అంటే చీర నేసేముందు పోగును మొలల చుట్టూ తిప్పుతోంది. మల్లేశం తల్లి లక్ష్మి వేషం ఆమెది. మా అమ్మ మాత్రం సినిమా చూస్తున్నట్టు లేదు, పక్కింటావిడ పనితనం చూస్తున్నట్టుంది. "సినిమా గదమ్మా, అట్లనే సూపెడతరు" అన్నాను. "సూపెడితే సూపెట్టని. లెక్క తప్పుతది గదా" అంది. వెనక సీట్లో ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం నిజం కథ ఇది. 2019 జూన్ 21, శుక్రవారం నాడు ‘మల్లేశం’ విడుదలైంది. మేం ఆదివారం మ్యాట్నీకి వెళ్లాం, దిల్‌సుఖ్‌నగర్‌లో. అదే శుక్రవారం ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ కూడా వచ్చింది. విచిత్రం ఏమిటంటే రెండు సినిమాలకూ సంగీతం మార్క్ కె. రాబిన్‌దే. మా తమ్ముడు "మనింట్ల పుట్టినకాడికెల్లి సూసిందే మళ్ల పైసలు వెట్టి సూడాల్నా" అని ఏజెంటు వైపు పోయాడు. వాడి హాలు నిండింది. మా హాల్లో సగం సీట్లు ఖాళీ. అయితే ఆ సగం జనంలో నాలాంటి వాళ్లు కొందరు కనిపించారు, అంటే ముసలి తల్లినో తండ్రినో చెయ్యి పట్టుకుని తెచ్చినవాళ్లు. ఇంటర్వెల్‌లో ఒకాయన మా అమ్మను "ఏ ఊరమ్మా మీది" అని అడిగాడు. ఈమె కొయ్యలగూడెం దిక్కు అంది, ఆయన పుట్టపాక అన్నాడు. రెండూ నేత ఊళ్లే. తర్వాత ఇద్దరూ సినిమా ఊసెత్తలేదు, నూలు రేటు మాట్లాడుకున్నారు.

ఆసు అంటే తెలియనివాళ్లు చాలామందే ఉంటారు, ముందు అది చెప్పాలి. అర్ధచంద్రం ఆకారంలో ఒక చట్రం. వంపు పొడుగునా వరసగా మొలలు, వాటికెదురుగా మధ్యలో ఒక్క మొల. ఆ మధ్య మొల నుంచి వంపులో ఏ మొలకు కొలిచినా దూరం ఒక్కటే, చీర పన్నా ఎంతో అంత. పోగు పట్టుకుని మధ్య మొల నుంచి వంపు మొలకు పోవాలి, అక్కడ మెలేసి మళ్లీ మధ్యకు రావాలి. అక్కడ పడాల్సినన్ని చుట్లు పడ్డాక పక్క మొలకు జరగాలి. ఇట్లా పోసిన పేక (అడ్డపోగు) మీద డిజైన్ గీసి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో చిటికి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. పోచంపల్లి చీర మీద మీరు చూసే చిలక, ఏనుగు, గళ్లు అన్నీ నేతకు ముందే పోగు మీద పుట్టి ఉంటాయి. ఆసులో రెండు చుట్లు తక్కువ పడ్డాయంటే, మగ్గం మీదికి వచ్చేసరికి చిలక ముక్కు చిలకకు అతకదు.

ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. రోజుకు రెండు చీరలు పోస్తే 18,000. ఒక్కోసారికి మీటరు లెక్కేసుకున్నా చీరకు తొమ్మిది కిలోమీటర్లు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా! ఈ అంకెలు నాకు చింతకింది మల్లేశం గారి గురించి చదివాకే తెలిశాయి. మా అమ్మ లెక్క వేరు. పొద్దున వంట చేసి ఆసు ముందు కూర్చుంటే, ఒక చీర అయ్యేసరికి ఊరి బడిలో మధ్యాహ్నం గంట కొట్టేది. రాత్రి ఆమె పక్కన పడుకుంటే జండూబాం వాసన. అన్ని ఇళ్లల్లో అమ్మల దగ్గర అదే వాసన వస్తుందనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్లాక తెలిసింది, రాదని.

ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన మల్లేశం తల్లి బాధ కూడా ఇదే. బడి మధ్యలో ఆపేసిన పిల్లాడు, ఇంజనీరింగు అంటే ఏమిటో తెలియనివాడు, ఆసు పోసే యంత్రం చేస్తానని 1992లో మొదలుపెట్టి 1999కి పూర్తి చేశాడు. ఏడేళ్లు. చేత్తో నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరలో అయిపోయే మిషన్ అది. తల్లి పేరే పెట్టుకున్నాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న రాజ్ రాచకొండ సొంత డబ్బులు పెట్టుకుని తీశాడు. ఆయనకది మొదటి సినిమా. విడుదలకు మాత్రం సురేశ్ ప్రొడక్షన్స్ చెయ్యేసింది. లేకపోతే దిల్‌సుఖ్‌నగర్ దాకా కూడా వచ్చేది కాదేమో.

ఇక సమీక్షల సంగతి. సినిమా చూసొచ్చిన వారంలో, ఆఫీసులో నెలాఖరు లెక్కల మధ్య దొరికినవన్నీ చదివాను. ఇంగ్లీషు పేపర్లు, తెలుగు వెబ్‌సైట్లు, యూట్యూబ్‌లో గోడకు ఆనుకుని మాట్లాడే పిల్లలు. మంచిమాటే ఎక్కువ. ప్రియదర్శిని అందరూ మెచ్చుకున్నారు. ‘పెళ్లిచూపులు’లో "నా సావు నేను సస్తా, నీకెందుకు" అని హాలంతా నవ్వించిన మనిషి సినిమా మొత్తం భుజాన వేసుకోగలడని ఎవరూ అనుకోలేదు. ఝాన్సీకి పేరొచ్చింది. మొదటి సినిమా చేసిన అనన్య నాగళ్లకూ వచ్చింది. తెలంగాణ మాట సహజంగా ఉందన్నారు. ఆ మాటలు రాసింది పెద్దింటి అశోక్ కుమార్, సిరిసిల్ల వైపు కథారచయిత. మగ్గం చప్పుడు మధ్య పుట్టిన మాటకు, డబ్బింగు థియేటర్లో యాస నేర్పించిన మాటకు తేడా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఇందులో నాకు పట్టుబడలేదు. మన సినిమాల్లో ఈ భాష ఎన్నేళ్లు రౌడీకో, పక్కన నవ్వించేవాడికో ఇచ్చారో తలుచుకుంటే, ఒక తల్లి ఏడుస్తూ అదే భాషలో మాట్లాడటం విని హాల్లో ఎవరూ నవ్వకపోవడమే నాకు పెద్ద విషయం. మా అమ్మ ఇంత పొడుగు చెప్పలేదు. "మన లెక్కనే మాట్లాడుతుండ్రు" అంది, అంతే.

ఇంత మెచ్చుకున్నాక, దాదాపు ప్రతి సమీక్షలోనూ కింద ఒక "కానీ" ఉంది. నెమ్మదిగా సాగుతుంది. సెకండాఫ్ ల్యాగ్. అక్కడక్కడా డాక్యుమెంటరీ ఛాయలు. చేసిందే చేస్తున్నట్టు ఉంటుంది, మళ్లీ మిషన్, మళ్లీ ఫెయిల్, మళ్లీ మిషన్. ఎడిటర్ ఇంకొంచెం కత్తెర వేసి ఉంటే బాగుండేది.

ఇక్కడే నాకు పేచీ.

చేసిందే చెయ్యడం గురించి తీసిన సినిమా ఇది. ఒకే పనిని 9,000 సార్లు చేసే మనిషి జబ్బ అరిగిపోయింది కాబట్టే కొడుకు ఏడేళ్లు ఒకే పని మీద పడ్డాడు. దాంట్లో "మళ్లీ అదేనా" అనిపించడం తప్పెట్లా అవుతుంది? చూసేవాడికి కాస్త విసుగు రావాలి. వచ్చింది కూడా. మిషన్ మూడోసారి మొరాయించినప్పుడు నా ముందు వరసలో ఒకతను ఫోన్ తీసి మెసేజీలు చూసుకున్నాడు. ఊరి జనం మల్లేశాన్ని పిచ్చోడన్నప్పుడు వాళ్లు కూడా సరిగ్గా ఇదే చేశారు కదా, ఎంతకాలం చూస్తాంలే అని మొహం తిప్పుకున్నారు. డైరెక్టర్ అది కావాలనే చేశాడో, చేతగాక అట్లా వచ్చిందో నేను చెప్పలేను. నాకు మాత్రం పనికొచ్చింది.

అసలు నా ఫిర్యాదు తలకిందులు. ఆసు చూపించినచోట సినిమా ఎక్కడా ఆగలేదు. చెయ్యి కాసేపు తిరుగుతుంది, ఇంతలో మొహం చూపిస్తారు, ఇంతలో నొప్పి, ఇంతలో కొడుకు చూపు. నొప్పి వచ్చిందని మనకు తెలుస్తుంది కానీ ఎట్లా వచ్చిందో ఒంటికి తెలియదు. మూడు నిమిషాలు, పోనీ రెండు, కెమెరా కదలకుండా ఆ చెయ్యి మీద పెట్టి, పాట లేకుండా, పోగు మొలకు తగిలే ఆ చిన్న చప్పుడు ఒక్కటే వినిపించి ఉంటే? ల్యాగ్ అన్నవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లేమో. మిగిలినవాళ్లకు మాత్రం జబ్బ లాగేది. మా అమ్మ "జల్ది జల్ది" అన్నది దీన్నే అనుకుంటాను. ఇంత పెద్ద విమర్శ నేను చదివిన ఏ సమీక్షలోనూ లేదు.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. మల్లేశం, అతను పెళ్లాడే పద్మ (అనన్య)ల ప్రేమ ముచ్చటగానే ఉంది, పాట చెవికి ఇంపుగానే ఉంది. అయినా ఆ భాగమంతా వేరే సినిమాలోంచి వచ్చి కూర్చున్నట్టనిపించింది. ఊరోళ్ల ఎగతాళి ఒక్కోచోట మరీ వరసపెట్టి వస్తుంది, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఒక్కో మాట అనిపోయినట్టు. మా ఊళ్లో ఎవరూ అట్లా ముందుకొచ్చి అనరు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, పేక పోగు మోసే నాడె ఆపకుండా, ఎటో చూస్తూ ఒక మాట వదులుతారు. ఆ మాట మూడు రోజులు తిరిగి తిరిగి మన ఇంటికి వస్తుంది. చిటికి కట్టడం, రంగు అద్దడం సినిమాలో గబగబా దాటిపోయాయి. ఆసు ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే చిటికి చూపించాలి. లెక్క తప్పితే ఏం పాడవుతుందో తెలియకుండా ఆ తల్లి కంటి మీద పడ్డ భారం తెలియదు. చేతి నొప్పి ఒకటే కాదు ఇందులో, లెక్క మరిచిపోతానేమోనన్న భయం కూడా ఉంటుంది. మా అమ్మ ఆసు ముందున్నప్పుడు మేం ఏదైనా అడిగితే జవాబు రాదు. పెదాలు మాత్రం కదులుతుండేవి.

ప్రియదర్శి గురించి ఒక మాట. పనోడి చేతులు తెలిసిన నటుడు. మొహంతో బాధ చూపించడం చాలామందికి వచ్చు. ఈయన మాత్రం ఏదైనా వస్తువు చేతికి తీసుకోగానే దాన్ని తిప్పి వెనకవైపు చూస్తాడు. మిషన్లు విప్పేవాళ్లకు ఉండే అలవాటు అది. మా ఊళ్లో మోటార్లు బాగుచేసే ఒకాయన టీ గ్లాసు కూడా అట్లాగే పట్టుకుంటాడు. హైదరాబాదు వచ్చి, పని చేసే చోట ఏదో యంత్రం కదలిక చూసి తనకు కావాల్సిన కిటుకు పట్టుకోవడం అసలు మల్లేశం జీవితంలో ఉన్నదే. బాలానగర్‌లో జరిగిందది. సినిమాలో ఆ ఘట్టాన్ని గంటలూ గాలివానలూ పెట్టి పెద్దది చేయకపోవడం నాకు నచ్చింది.

ఝాన్సీ గురించి మా అమ్మ తీర్పు: "గీమె టీవీల వస్తది గదా. కూసున్న తీరు మాత్రం మనోళ్ల తీరే." ఒక్క తప్పు పట్టింది. ఏ తప్పో రాయను, ఆమెతో పాటు ఆసు పోసినవాళ్లకే కనిపిస్తుంది.

అప్పట్లో కొందరు మిత్రులు దీన్ని 2018లో వచ్చిన హిందీ ‘ప్యాడ్‌మ్యాన్’తో పోల్చారు, శానిటరీ ప్యాడ్ల మిషన్ చేసిన మనిషి కథ అది. పోలిక ఉంది. అక్కడ భార్య కోసం, ఇక్కడ తల్లి కోసం. ఇద్దరినీ ఊరు వెర్రివాళ్లంది, ఇద్దరూ పెద్ద చదువులు లేనివాళ్లు. కానీ అక్షయ్ కుమార్ గెలుస్తాడని టికెట్ కొన్నప్పుడే తెలుస్తుంది. ప్రియదర్శి గెలుస్తాడని, నిజం కథ తెలిసిన నాక్కూడా, చివరిదాకా నమ్మకం కలగలేదు. చిన్న సినిమాకున్న బలం ఇదే.

సినిమా ఎక్కడ ఆగిందన్నదీ చెప్పాలి. మిషన్ తిరిగింది, తల్లి జబ్బ బతికింది, జనం మెచ్చారు. మా ఇంట్లో కథ దాని తర్వాతిది. మా వీధిలో ఒకరు ఆసు మిషన్ కొన్నారు. మేం నూలు తీసుకెళ్లి చీరకింత అని ఇచ్చి పోయించుకొచ్చేవాళ్లం. అమ్మ జండూబాం మానేసింది. ఆ మిగిలిన పూటలో చిటికి కట్టింది, అంటే పని తగ్గలేదు, మారింది. చీరలు ఎక్కువ దిగాయి, సేటు ఇచ్చే కూలి మాత్రం ఉన్నచోటే ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు, అంటే ఈ చిటికి నేతకు, 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అయినా పోయిన దసరాకు నగరంలో ఒక పెద్ద దుకాణంలో సేల్స్ పిల్ల నాకే అచ్చు వేసిన పాలిస్టర్‌ను "ప్యూర్ పోచంపల్లి మేడమ్" అని చూపించింది. తిప్పి వెనకవైపు చూశాను. చిటికి కట్టి నేసింది అయితే రెండువైపులా రంగు ఒక్కలాగే ఉండాలి. ఇది వెనక వెలవెలబోతోంది. ఆ పిల్లను అనడానికి మనసు రాలేదు, ఆమెకు చెప్పమన్నది చెప్పింది. ఇదంతా సినిమాలో ఉండాలని నేననను. ఒక మనిషి ఒక మిషన్ చేసిన కథ అది, చేనేత మొత్తం కథ కాదు. కానీ "స్ఫూర్తిదాయకం" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయిన సమీక్షకుల్లో ఒక్కరైనా, ఆ మిషన్ వచ్చాక ఆ ఊళ్లు ఎట్లున్నాయో అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత రాజ్ రాచకొండ హిందీలో ‘8 ఏ.ఎం. మెట్రో’ తీశాడు, 2023లో. అది మెత్తని సినిమా, మాటల సినిమా. నాకు ‘మల్లేశం’ మీదే మనసు.

2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డులు ప్రకటించినప్పుడు, 2014 నుంచి 2023 దాకా ఏడాదికి మూడు చొప్పున పాత సినిమాలకు కూడా కలిపి ఇచ్చింది. 2019కి మొదటిది ‘మహర్షి’, రెండోది ‘జెర్సీ’, మూడోది ‘మల్లేశం’. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మూడోదా" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ముందున్న రెండు మంచియేనా మరి?" అని అడిగింది. మహేశ్ బాబుదొకటి, నానిదొకటి అని చెప్పాను. "అయితే పోనియ్" అంది.

ఆ వానాకాలం ఊరికి పోయినప్పుడు ఓటీటీలో మళ్లీ పెట్టాను, నా ఫోన్‌లోనే. అమ్మ కుడిచెయ్యి ఇప్పుడు తల దాకా లేవదు, జడ మా వదిన వేస్తుంది. ఆసు దగ్గరికి రాగానే "ఆపు, ఎనుకకు పో" అంది. పోయాను. కళ్లద్దాలు సర్దుకుని, ఫోన్ దగ్గరికి లాక్కుని, ఝాన్సీ చెయ్యి అటు పోయినప్పుడల్లా పెదాలు కదిపింది. ఒకటి, రెండు, మూడు... ఇంతలో షాట్ మారిపోయింది. ఎన్ని లెక్కపెట్టిందో నాకు చెప్పలేదు.

"మిగిలినయి ఎవలు పోస్తరు?" అంది.